వరూధినా, వరూథినా? ఆ పేరు పెట్టొచ్చా?

పాపకి వరూధిని అని పెట్టాలనుకుంటే ఇంట్లో పెద్దవాళ్లు రెండు అభ్యంతరాలు చెప్పారని నిన్న ఇక్కడ ఒకరు రాశారు. సరైన రూపం "వరూథిని" అన్నది మొదటిది. మనుచరిత్ర కావ్యంలో ప్రవరుడనే బ్రాహ్మణుడి వెంటపడిన అప్సరస పేరు ఆడపిల్లకి ఎందుకన్నది రెండోది. నన్ను ఇంత రాయించింది ఆ రెండోదే. అయినా ముందు అక్షరం సంగతి చూద్దాం.

సంస్కృతంలో థకారమే, అందులో సందేహం లేదు. వరూథం అంటే రక్షణ, కాపుదల. వేదంలోనే ఉన్న మాట. సంస్కృత నిఘంటువు అమరకోశం "రథగుప్తిర్వరూథో నా" అంటుంది, అంటే దెబ్బ తగలకుండా రథానికి వేసే కవచం. అది కలిగినది వరూథిని, సేన అన్నమాట. "ధ్వజినీ వాహినీ సేనా" అని మొదలయ్యే శ్లోకం చదివినవాళ్లకి ఆ వరసలోనే "వరూథినీ బలం సైన్యం" అని వచ్చేది గుర్తుండే ఉంటుంది. చైత్ర బహుళ ఏకాదశికి వరూథినీ ఏకాదశి అని పేరు. అక్కడ కూడా రక్షించేది అనే అర్థమే చెబుతారు.

మరి మనకి ధ ఎలా వచ్చింది? తెలుగు నోట్లో థ, ధ ఇట్టే తారుమారవుతాయి. కథని కధ అనీ, రథాన్ని రధం అనీ రాసేవాళ్లు ఇప్పటికీ బోలెడుమంది. అయితే కధ తప్పుగానే మిగిలిపోయింది, వరూధిని మాత్రం స్థిరపడిపోయింది. పద్యాన్ని బట్టి తేల్చుకుందామంటే అదీ కుదరదు. యతికి త, థ, ద, ధ ఒకే వర్గం. గణానికి థి అయినా ధి అయినా లఘువే. నా మట్టుకు నేను సేన గురించి రాస్తే వరూథిని అనీ, మనిషి పేరైతే వరూధిని అనీ రాస్తాను. ఇంగ్లీషు అక్షరాల్లో కూడా డి, హెచ్ వాడటమే మేలు. టి, హెచ్ పెడితే మనవాళ్లు దాన్ని తకారంగా చదివి "వరుతిని" చేసేస్తారు. బర్త్ సర్టిఫికెట్‌లో ఏది రాయిస్తే అదే చివరిదాకా ఉంచండి, తర్వాత మార్చడం పెద్ద టెన్షన్.

ఇక రెండో మాట. కథ మార్కండేయ పురాణంలోది. తిక్కన శిష్యుడు మారన దాన్ని తెలుగు చేశాడు. కృష్ణదేవరాయల కాలంలో (1509–1529) పెద్దన దాన్నే మనుచరిత్రగా పెంచి రాశాడు. ఈ పేరు మనకింత దగ్గరైంది పెద్దన వల్లే. హిమాలయంలో దారి తప్పిన ప్రవరుడు దారి అడిగితే ఆమె "ఇంతలు కన్నులుండఁ దెరువెవ్వరి వేఁడెదు భూసురేంద్ర!" అంటుంది. ఇంతేసి కళ్లు పెట్టుకుని దారి ఎవరిని అడుగుతున్నావయ్యా అని. ఆ వెంటనే తన పేరు తనే చెప్పుకుంటుంది:

పేరు వరూధిని విప్రకు
మార! ఘృతాచీ తిలోత్తమా హరిణీ హే
మా రంభా శశిరేఖ లు
దార గుణాఢ్యలు మదీయలగు ప్రాణసఖుల్

మొదటి పాదాన్ని విడగొట్టి చూడండి: పేరువ, రూధిని, విప్రకు. మూడూ భగణాలే, అంటే ఒక గురువు, రెండు లఘువులు. కందంలో ఆ పేరు ఎంత హాయిగా ఒదిగిందో పైకి చదివితే తెలుస్తుంది. ఇందులో బెరుకు ఎక్కడా లేదు. నా పేరిది, నా స్నేహితులు వీళ్లు అని సూటిగా చెప్పింది, అంతే.

తర్వాత ఏమైంది? ఆమె మనసు విప్పి అడిగింది, ప్రవరుడు కాదని వెళ్లిపోయాడు. అంతకుముందు ఆమె కాదన్న గంధర్వుడొకడు ప్రవరుడి రూపు వేసుకుని వచ్చాడు. కోరింది ఆమె, మోసం చేసింది వాడు. మాట మాత్రం ఆవిడకి వచ్చింది! ఇది నాకు ఎప్పుడూ అన్యాయంగానే అనిపిస్తుంది. ఆమె కొడుకు స్వరోచి, అతని కొడుకు స్వారోచిష మనువు. కావ్యం పేరు ఎవరి మీద ఉందో ఆ మనువుకి ఈమె నాయనమ్మ.

మన ముందు తరాలవాళ్లు ఈ పేరుకి జంకలేదు. రచయిత కొడవటిగంటి కుటుంబరావు గారి భార్య పేరు వరూధిని. ఎస్.వి. రంగారావు ప్రవరుడిగా తొలిసారి తెరమీద కనిపించిన వరూధిని సినిమా 1946లో వచ్చింది. కుటుంబరావు గారి భార్య పేరు అంతకు ముందుదే కాబట్టి సినిమా చూసి పెట్టింది కాదు. ఈ మధ్య పిల్లల్లో ఈ పేరు అరుదుగా వినిపిస్తోంది. రెండక్షరాల పేర్ల మీద మోజు ఒక కారణం అయ్యుండొచ్చు. అయినా నాలుగక్షరాల్లో ఒక్క ఒత్తు పలికితే చాలు, నోరు తిరగనిదేమీ కాదు. ముద్దుగా పిలవడానికి "వరూ" ఉండనే ఉంది.

నిన్నటి ఆ పోస్టు కింద ఒకరు "దీని బదులు మనోరమ అని పెట్టండి, ఏ గొడవా ఉండదు" అన్నారు. మంచి పేరే. మనుచరిత్రలో మనోరమ స్వరోచి భార్య, అంటే వరూధినికి కోడలేనండీ.