ఓపెన్‌టీటీడీలో లొసుగు వాడి గెలిస్తే అది గెలుపేనా?

సిగ్నల్‌లైట్:
మా నలుగురికీ వారం వారం ఓపెన్‌టీటీడీ (రైళ్లు, బస్సులు, లారీలతో రవాణా కంపెనీ నడిపే కంప్యూటర్ ఆట) మల్టీప్లేయర్ అలవాటు. 1950లో మొదలుపెట్టి 1990 దాకా ఆడతాం, కంపెనీ విలువ ఎక్కువున్నవాడు గెలిచినట్టు. మాది పాత వెర్షన్, అందరికీ చేయి తిరిగినది. పోయిన ఆట బొగ్గుబండి గెలిచాడు. ఎలాగో తెలుసుకుందామని ఆట అయ్యాక మ్యాప్ తిప్పి చూస్తే కడుపు మండింది.

గని పక్కన ఒకే ఒక్క లారీ స్టాప్. దానికి రోడ్డు లేదు, లారీ లేదు. కంట్రోల్ నొక్కి దాన్ని యాభై టైల్స్ (మ్యాప్ మీది గడులు) అవతలి రైలు ప్లాట్‌ఫారంతో కలిపేశాడు. ఆటకి ఇక రెండూ ఒకటే స్టేషన్. గనిలో తవ్విన బొగ్గు కొండా ఏరూ చూడకుండా నేరుగా ప్లాట్‌ఫారం మీద ప్రత్యక్షం. అదీ కాక సరుకుకి డబ్బు దూరాన్ని బట్టి వస్తుంది, మా వెర్షన్‌లో ఆ దూరం లెక్కగట్టేది స్టేషన్ పేరు బోర్డు నుంచి. బోర్డేమో గని దగ్గరే ఉంది. అంటే రైలు ఎన్నడూ నడవని యాభై టైల్స్‌కి కూడా డబ్బులొచ్చాయి. నేను మాత్రం అదే కొండకి సొరంగం తవ్వి అప్పుల్లో మునిగాను.

ఈ గెలుపు లెక్కలోకి తీసుకోవాలా, కొట్టేయాలా?

పాతడాస్:
కొట్టేయకండి బాబూ. ఈ ఆట పుట్టిందే ఇలాంటి కంతలతో. దీనికి మూలమైన 1995 నాటి ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ డీలక్స్‌లో సొరంగం కంత ఆడినవాళ్లందరికీ గుర్తుండాలి. డబ్బుని 32 బిట్లలో దాచేవారు, అంటే అందులో పట్టే పెద్ద అంకె 2,147,483,647. చాలా పొడుగు సొరంగం తవ్వితే ఖర్చు ఆ గీత దాటి తిరగబడి మైనస్‌లోకి పోయేది. మైనస్ ఖర్చంటే ఏంటి? మన ఖాతాలోకి జమ! కొండకి కన్నం వేస్తే ఎదురు డబ్బులిచ్చేవాళ్లు. ఒక్కసారి చేశాక రైళ్లు నడపబుద్ధి కాలేదు, అది వేరే సంగతి.

కోడ్‌పురుగు:
ఆ ఖర్చు అంత త్వరగా ఎందుకు పెరుగుతుందో ఓపెన్‌టీటీడీ కోడ్ తెరిస్తే కనిపిస్తుంది. టైల్ టైల్‌కీ అప్పటిదాకా అయిన మొత్తంలో ఎనిమిదో వంతు మళ్లీ కలుపుతుంది, చక్రవడ్డీలాగా. 12 టైల్స్ సొరంగం కంటే 24 టైల్స్‌ది రెట్టింపు కాదు, దాదాపు ఐదు రెట్లు. 25 దాటాక ఆ వంతు తగ్గుతుంది. డబ్బు కూడా 64 బిట్లకి మారింది, పైగా హద్దు దాటితే తిరగబడకుండా అక్కడే ఆగిపోయేలా రాశారు. సొరంగం సంగతి అసలైన బగ్, రాసినవాడు అనుకోనిది. కానీ దూరంగా ఉన్న స్టేషన్లు కలపడం అలా కాదు. దానికి సెట్టింగుల్లో సొంత మీట ఉంది, కావాలంటే ఆపేసుకోవచ్చు. మీట పెట్టి మరీ ఇచ్చినదాన్ని బగ్ అనలేం.

సిగ్నల్‌లైట్:
మీట ఉన్నంత మాత్రాన సరైపోతుందా అండీ? బొగ్గు గాల్లో ఎగరడం ఏ రైల్వేలో ఉంది?

కోడ్‌పురుగు:
ఏ రైల్వేలోనూ లేనివి ఈ ఆటలో బోలెడు. సరుకు వయసు పెరిగేకొద్దీ డబ్బు తగ్గుతుంది, కానీ రైల్లో ఉన్నంతసేపే ఆ వయసు పెరుగుతుంది. స్టేషన్‌లో మూడేళ్లు పడి ఉన్నా నిన్న తవ్వినట్టే. రైలు ఎంత ఆలస్యంగా చేరినా అసలు రేటులో 255కి 31 వంతులు మాత్రం గ్యారంటీ. వీటి మీద మీరు ఎప్పుడైనా గొడవపడ్డారా?

పాయింట్స్‌మన్:
నాది మధ్యేమార్గం కాదు, ముందే చెప్తున్నా. ఒంటరిగా ఆడుకుంటే ఏ కంతలోనైనా దూరండి, అడిగేవాడు లేడు. నలుగురు కూర్చున్నచోట ఒకడికే తెలిసిన కిటుకుతో గెలవడం నాకు నచ్చదు. అది ఆటలో దిట్టతనం కాదు, వికీ చదివిన దిట్టతనం.

బొగ్గుబండి:
నా పేరు మీద పంచాయితీ పెట్టి నన్నే పిలవలేదు, బాగుంది. రెండు ముక్కలు చెప్పిపోతా.

ఒకటి. స్టేషన్ ఎంత మేర పరుచుకోవచ్చన్న సెట్టింగ్ మామూలుగా 12 ఉంటుంది. దాన్ని 64కి లాగింది ఎవరు? సర్వర్ నాది కాదు. విమానాశ్రయాన్నీ రైల్వే స్టేషన్‌నీ ఒకటి చేసుకోవాలని సిగ్నల్‌లైట్ తనే లాగాడు. తలుపు తీసింది తను, దొంగనేమో నేనా?

రెండు. 1963 ప్రాంతంలో నా బస్సులు వరసగా ఎందుకు పేలిపోయాయో చెప్పమను. రెండు ఊళ్ల మధ్య రోడ్డు మీద నా బస్సులు బంగారంలా నడుస్తున్నాయి. దానికి అడ్డంగా నాలుగు టైల్స్ పట్టా వేసి, ఒక ఇంజన్‌ని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. పెట్టె లేదు, సరుకు లేదు. లెవెల్ క్రాసింగ్‌లో గుద్దితే బస్సు పోతుంది, ఇంజన్‌కి గీత కూడా పడదు. ఆ పూట పదకొండు బస్సులు పోయాయి. అది ఏ రైల్వేలో ఉంది గురూ?

సిగ్నల్‌లైట్:
అది పోటీ! ఆ ఎత్తు పాత ఆట నుంచీ ఉంది, అందరికీ తెలుసు.

పాతడాస్:
అందరికీ తెలుసు కాబట్టి న్యాయం, నీకు తెలియదు కాబట్టి అన్యాయం అంటావా? 😀 నిజానికి మేం కంప్యూటర్ కంపెనీల బస్సుల మీద చేసిన పాపమే అది. మనుషుల మీద చేస్తే తిట్లు తినాలి.

పాయింట్స్‌మన్:
ఈ బస్సుల సంగతి నాకు తెలియదు. మొదట రాసినప్పుడు ఎందుకు దాచావు సిగ్నల్‌లైట్? నా మాట వెనక్కి తీసుకోను గానీ, అది ఇద్దరికీ వర్తిస్తుంది. ఈ ఆట చెల్లదు, ఇద్దరిదీ.

సిగ్నల్‌లైట్:
సరే, ఇంజన్ విషయం ఒప్పుకుంటున్నా. పదకొండు కాదు, తొమ్మిది. వచ్చే వారం మళ్లీ మొదటి నుంచి ఆడదాం. స్టేషన్ పరుచుకునే మేర 12, దూరం నుంచి కలపడం బంద్, పనిలేని ఇంజన్ రోడ్డు మీద కనబడితే డిపోకి పంపాల్సిందే.

బొగ్గుబండి:
ఒప్పుకున్నా. మరి చెట్ల సంగతి? పట్టాల కోసం ఊరి చుట్టూ అడవంతా నరుకుతావు, మునిసిపాలిటీ స్టేషన్‌కి అనుమతి ఇవ్వనంటుంది, మౌస్ నొక్కిపట్టి నాలుగు వరసలు మొక్కలు నాటగానే పరమ ప్రేమ. అది కూడా బంద్ చేద్దామా?

సిగ్నల్‌లైట్:
చెట్ల జోలికి రావద్దు. అది రూలే.

కోడ్‌పురుగు:
😂