ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి స్పిన్ కోటింగా, బ్లేడ్ కోటింగా?

వంశధార (గుణుపురం):
అన్నలూ అక్కలూ, బరంపురంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఆఖరి ఏడు నాది. ప్రాజెక్టు ఆర్గానిక్ సోలార్ సెల్స్, అంటే సిలికాన్ బదులు కార్బన్ పదార్థాల పొరతో ఎండ నుంచి కరెంటు తీసేవి. గాజు మీద పాలిమర్ పొర వెయ్యడానికి మా గైడు గారు స్పిన్ కోటింగ్ చాలంటున్నారు, సీనియరేమో బ్లేడ్‌తో పొర లాగడం నేర్చుకో అదే రేపు పనికొస్తాదంటున్నాడు. ఏటి చెయ్యమంటారు?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
స్పిన్‌తోనే మొదలెట్టు బాబూ. చుక్క వేసి నిమిషానికి 2000 చుట్లు తిప్పితే అర నిమిషంలో పొర సమంగా పరుచుకుంటుంది. తప్పు జరిగితే కంటికే తెలుస్తుంది, దుమ్ము రేణువు ఒక్కటున్నా దాని వెనకాల తోకచుక్కలా చార పడుతుంది. 2019లో పాలిమర్‌కి వై6 అనే రెండో పదార్థం కలిపి, పడిన ఎండలో 15.7 శాతం కరెంటుగా మార్చి చూపించిందీ స్పిన్ పొరే.

రుషికుల్య (ఛత్రపురం):
మాస్టారూ, స్పిన్‌లో ఇంకు, అదే పాలిమర్ కరిగించిన ద్రావణం, 90 శాతం గిన్నె గోడలకే పోద్ది, ఆ ముక్క చెప్పరేం?

మహేంద్రతనయ:
90 ఎక్కడిదమ్మా? 2.5 సెం.మీ. చదరపు గాజు మీద 100 నానోమీటర్ల పొరంటే సుమారు 0.075 మి.గ్రా. మి.లీ.కి 12 మి.గ్రా. ఇంకు 50 మైక్రోలీటర్లు వేస్తే 0.6 మి.గ్రా. పోయింది 87 శాతం.

నాగావళి (రాయగడ):
87 అయితే మాత్రం తక్కువా మాస్టారూ?

మహేంద్రతనయ:
తక్కువని నేననలేదు, లెక్క సరిగ్గా చెప్పమన్నాను. పంపుతో ఇంకు తోసి సన్నటి చీలికలోంచి పొర పరిచే స్లాట్ డై మిషను సంగతీ చెప్పుకుందాం. దాని తలా గొట్టాలూ నింపడానికే మా దగ్గర 3 మి.లీ. పట్టేది. ఆ 3 మి.లీ.తో 60 గాజులు తిప్పొచ్చు. కొన్న ఏడాది పొర ఒక్కటీ కుదరక ఆ మిషను గుడ్డ కప్పుకుని కూర్చుంది.

రుషికుల్య:
నేను చెప్పేది బ్లేడు గురించి, మీరు స్లాట్ డై మీద పడ్డారు. బ్లేడుకి పంపూ లేదు గొట్టాలూ లేవు, సందులో ఇంకు వేసి లాగడమే. స్లాట్ డైలో అయినా లెక్క దాగదు, 1 సెం.మీ. వెడల్పు, సెకనుకి 1 సెం.మీ. వేగం, నిమిషానికి 0.06 మి.లీ. ఇంకు, అంటే తడి పొర 10 మైక్రాన్లు, ఆరితే మీ 100 నానోమీటర్లే. పెద్ద షీటు మీద ఎంత పొడుగైనా అదే మందం. తిరిగే గాజు మీద షీటు ఎలా వేస్తారు?

మహేంద్రతనయ:
ఆరేది ఎలా? స్పిన్‌లో క్లోరోఫాం సెకన్లలో ఎగిరిపోతుంది. అదే ఇంకు బ్లేడుతో లాగితే నెమ్మదిగా ఆరి రెండు పదార్థాలూ విడివిడిగా గడ్డలు కడతాయి. వెలుతురు పడితే పుట్టే శక్తి మూట, ఎక్సైటాన్, 10 నానోమీటర్లు నడవడమే గగనం, కరెంటుగా మారకుండా గడ్డ దాటేలోపే నశించిపోతుంది.

రుషికుల్య:
అందుకే ద్రావణి మారుస్తాం, ఆర్థో జైలీన్ వాడతాం, కింద ప్లేటు వేడి చేస్తాం. ఇదంతా చేశాను మాస్టారూ. ఆషాఢం ముసురులో, గాలీ తేమా తగలని గ్లవ్ బాక్స్ పెట్టె లేక బయట గాలిలోనే, అంచుల్లో ఊదారంగు చిక్కబడి మధ్యలో పలచబడుతుంటే ఒక్కో డిగ్రీ పెంచుకుంటూ నాలుగు నెలలు. 1 చదరపు సెం.మీ. సెల్లు పని చేసింది. కమిటీ వాళ్లు నా అంకెని స్పిన్ వాళ్ల 0.04 చదరపు సెం.మీ. సెల్లు అంకె పక్కన పెట్టి తక్కువన్నారు, సీటు పోయింది. పాతిక రెట్లు పెద్ద సెల్లమ్మా అని ఒక్కరన్నా అన్నారా?

వంశధార:
అక్కా, నాకీ సంగతి తెలీదు.

మహేంద్రతనయ:
నీ బాధ అర్థమైంది గానీ ఆ కోపం కుర్రాడి ప్రాజెక్టు మీద పెట్టకు.

రుషికుల్య:
నాకు స్పిన్ మీద కోపం లేదు. మార్కులు వేసేవాళ్లు సెల్లు సైజు అడగరు, అదీ నా గొడవ. మీరు అడిగారా ఎప్పుడైనా?

నాగావళి:
మాస్టారూ, దానికి జవాబు చెప్పండి.

మహేంద్రతనయ:
రాత్రంతా ఆలోచించాను. రెండుసార్లు అలాంటి కమిటీలో కూర్చున్నాను, రెండుసార్లూ శాతమే చూశాను. ఏరియా రాసున్న పేజీ తిప్పలేదు. అది తప్పే తల్లీ. అయినా కొత్తవాడి చేత మొదటి పొర స్పిన్‌తోనే వేయిస్తాను, సరైన పొర ఎలాగుంటుందో చూడనివాడికి బ్లేడు కింద ఏది చెడిందో తెలీదు. బాబూ, రెండో నెలలో బ్లేడు పట్టు. రిపోర్టులో శాతం పక్కనే ఏరియా రాయి, మొదటి పేజీలోనే.

రుషికుల్య:
వంశధారా, ప్లేటు 60 డిగ్రీల దగ్గర మొదలెట్టు. అంచులు చిక్కబడితే ఫొటో తీసి ఇక్కడ పెట్టు, చూస్తాను.