ఎండలు చూసి నాన్న మామిడి మొక్కలు నాటనంటున్నారు, ఏం చెప్పాలి?

అందరికీ వందనాలు. మాది చిత్తూరు దగ్గర పల్లె. నాన్న తోతాపురి మామిడి రైతు, ముప్పై ఏళ్లుగా విశ్వాసి. ఇప్పటిదాకా నమోదైన వాటిలో 2024 అత్యంత వేడి సంవత్సరమని, పారిశ్రామిక యుగానికి ముందుకంటే దాదాపు 1.55 డిగ్రీలు ఎక్కువని వార్తల్లో విన్నప్పటి నుంచి ఆయన మనసు మనసులో లేదు. బైబిల్‌లోని ప్రకటన గ్రంథం 16వ అధ్యాయంలో, అంత్యదినాల్లో నాలుగో దూత తన పాత్రను సూర్యుడి మీద కుమ్మరిస్తే మనుషులు వేడికి కాలిపోయేది ఇదేనంటారు.

ప్రభువు రాకడను నేనూ నమ్ముతాను. నా బాధ వేరు. ఎండిపోయిన చెట్ల చోట పెట్టడానికి తెచ్చిన నలభై అంటు మొక్కలు కొట్టం పక్కన నల్ల కవర్లలోనే ఉన్నాయి. ఆకుల అంచులు మాడిపోయాయి, వేళ్లు కవర్ చించుకుని నేలలోకి దిగుతున్నాయి. "కాపుకొచ్చేదాకా లోకం ఉంటుందా?" అంటారు. కంటి ఆపరేషన్ కూడా వద్దంటున్నారు, అదే నాకు పెద్ద టెన్షన్.

బొగ్గు, పెట్రోలు పొగ వల్ల భూమి వేడెక్కుతోందని, 2023-24లో ఎల్ నినో (పసిఫిక్ సముద్రం నీళ్లు మామూలుకంటే వేడెక్కడం) కూడా తోడైందని చెప్పాను. "దేవుడు దాన్నే వాడుకుంటున్నాడు" అన్నారు. ఆ దినం, ఆ గడియ ఎవరికీ తెలియదని మత్తయి 24:36లో ఉంది కదా అంటే ఏమీ మాట్లాడలేదు. ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు.

మీ ఇళ్లలో పెద్దవాళ్లు ఇలా భయపడితే ఎలా మాట్లాడారు? ఆయన విశ్వాసాన్ని నొప్పించకుండా ఏ వాక్యం చూపించాలి? పాస్టర్‌గారితో చెప్పించడం మంచిదా? మన వైపు మామిడి రైతులెవరైనా ఉంటే, ఆ మొక్కలు ఇప్పుడు నాటొచ్చా, వానలు పడేదాకా నీడలో ఉంచాలా, అది కూడా చెప్పండి.