కైమా ఉండలు పులుసులో విడిపోతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న (నెల్లూరు): ఆదివారం అరకేజీ మటన్ కైమాతో ఉండలు చేసి పులుసులో వేశాను, గరిట పెట్టగానే సగం విడిపోయి కైమా కూరలా అయింది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి, గసగసాలు, ఒక గుడ్డు వేశాను. మీ ఇళ్లలో ఎలా చేస్తారు, దేంతో తింటారు?

జవాబు (కావలి): గుడ్డు మానేసి పుట్నాల పప్పు పొడి వేయండి, నాలుగు స్పూన్లు చాలు. అసలు సమస్య తడి అక్కా. కైమా కడిగాక జల్లెడలో అరగంట ఉంచి గట్టిగా పిండాలి, మా అమ్మయితే తరిగిన ఉల్లిపాయను కూడా ఉప్పేసి పిండేది. తర్వాత రోట్లో రుబ్బండి, మెత్తగా నూరిన మాంసానికే జిగురొచ్చి ఉండ నిలబడుతుంది. పులుసు మరిగేటప్పుడు ఒక్కొక్కటీ వదిలి పది నిమిషాలు గరిట పెట్టొద్దు, గిన్నె పట్టుకుని తిప్పండి. రాగి సంగటిలోకి ఆ పులుసుంటే నాకింకేం వద్దు.

జవాబు (ఒంగోలు): మేం పులుసులో వేయం. నూనెలో వేయించి పప్పుచారన్నంలో నంజుకుంటాం. మంట మధ్యస్థంగా ఉండాలి, లేదంటే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు: నేను కడిగి అలాగే కలిపేశాను, అదే తప్పు. ఈ ఆదివారం నీళ్లు పిండేసి చూస్తా. రొయ్యలతో కూడా ఇలాగే చేయొచ్చా?

జవాబు (కావలి): చేయొచ్చు, కానీ రొయ్యలు త్వరగా ఉడుకుతాయి, ఐదు నిమిషాలకే దించేయండి.