కాజీరంగా రైనోలకి కూడా కొమ్ము కోసేస్తే వేట ఆగిపోదా?

గోదారిగట్టు:
సౌత్ ఆఫ్రికాలో రైనోలకి మత్తిచ్చి కొమ్ము కోసి వదిలేస్తున్నారంట కదా, నొప్పి కూడా ఉండదంట, మన గోళ్ళలాగే మళ్ళీ పెరుగుద్దంట. మరి అస్సాంలో మన ఒంటికొమ్ము ఖడ్గమృగాలకి అలా ఎందుకు చెయ్యట్లేదు? కొమ్మే లేకపోతే చంపినోడికి ఏం దొరుకుద్ది? నిన్నొక వీడియోలో కొమ్ము నరికేసిన తల్లి పక్కనే పిల్ల నిలబడి ఉంది, అది చూసిన కాడ్నుంచి మనసు మనసులో లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్

అడవిబాట:
తగ్గుతుంది బ్రో, అది నిజమే. సౌత్ ఆఫ్రికాలోని క్రూగర్ నేషనల్ పార్క్ చుట్టుపక్కల రిజర్వుల్లో కొమ్ములు కోసిన చోట వేట దాదాపు 78 శాతం తగ్గిందని 2025లో సైన్స్ జర్నల్లో వచ్చింది. కానీ కోసినా కొమ్ము మొదలు కొంచెం మిగిలిపోతుంది కదా, ఆ ముక్క కోసం కూడా చంపుతున్నారు, పైగా ఏడాదిన్నర రెండేళ్ళకోసారి మళ్ళీ కోయాల్సిందే. కాజీరంగాలో 2022 లెక్క ప్రకారం 2613 ఉన్నాయి, ఏనుగే కనపడనంత గడ్డిలో ఒక్కోదాన్ని వెతికి మత్తివ్వడం అంటే మాటలా

ఓరుగల్లు_పిల్లోడు:
నేను గువాహటిలో జాబ్ చేస్తున్న. ఇక్కడ కొమ్ము కోయకుండనే వేట తగ్గింది అన్నా. 2013ల, 2014ల అస్సాంల ఏడాదికి 27 చొప్పున చంపిన్రు, అదే 2022ల ఒక్కటి కూడా పోలే. ఆ తర్వాత మళ్ళా అడపాదడపా పోతున్నయి అనుకో. రైనోకి ఒక అలవాటు ఉంటది, మళ్ళా మళ్ళా అదే జాగకొచ్చి పేడ వేస్తది, పెద్ద కుప్పలైతయి, ఆ కుప్ప పక్కన గడ్డిల తుపాకి పట్టుకొని కూసుంటే అదే నడుసుకుంట వస్తది పాపం. ఆ కుప్పలేడున్నయో, గార్డులు ఏ టైంకి ఎటు తిరుగుతరో బయటి షూటర్‌కి ఎట్ల తెలుస్తది, లోకల్‌ల ఎవడో ఒకడు చెప్పాలె. ఆ చెప్పేటోన్ని పట్టుకుంటేనే పని అయితది. వరదలప్పుడు ఇంకా డేంజర్, బ్రహ్మపుత్ర పొంగితే జంతువులన్నీ హైవే దాటి కార్బీ గుట్టలెక్కుతయి, అప్పుడు గార్డులకి నిద్రుండదు. వాళ్ళకి జీతాలు, పడవలు, మంచి బూట్లు ముందు ఇయ్యాలె

గోదారిగట్టు:
థాంక్స్ అన్నా, పేడకుప్పల సంగతి అస్సలు తెలీదు. ఇంకో డౌట్, 2021లో కాజీరంగా దగ్గర బోకాఖాట్‌లో అస్సాం సర్కారు 2479 రైనో కొమ్ములు తగలబెట్టింది కదా, అవి అమ్మేసి ఆ డబ్బు గార్డులకే ఇస్తే సరిపోయేదిగా?

అడవిబాట:
అమ్మడానికి లేదు బ్రో, 1977 నుంచే అంతర్జాతీయంగా బ్యాన్. అదీకాక వియత్నాంలో, చైనాలో దాన్ని మందని నమ్మి కొంటున్నారు, ఉన్నదేమో గోళ్ళలో ఉండే కెరటినే. సర్కారే అమ్మకానికి పెడితే అది మందేనని మనమే ఒప్పుకున్నట్టు, దొంగసరుకు కూడా అందులో కలిపేసి అమ్మేస్తారు