జెరేనియం కొమ్మలు వేరు పట్టకముందే మొదలు దగ్గర నల్లబడి కుళ్ళిపోతున్నాయి

మూడు విడతల్లో 14 కొమ్మలు నాటితే ఒక్కటే బతికింది. మొక్కల వాళ్ళు పెలార్గోనియం అంటారే, ఆ కుండీ రకమే. తల్లి మొక్క మాత్రం నిక్షేపంగా పూస్తోంది.

మొదటిసారి 10 సెంటీమీటర్ల లేత కొమ్మలు కణుపు కింద కోసి, కింది ఆకులు తీసేసి, తడి కొబ్బరి పొట్టులో గుచ్చి పైన ప్లాస్టిక్ కవర్ కప్పాను. 8వ రోజుకి పొట్టుకి ఆనుకున్న చోట నల్లమచ్చ వచ్చింది. ఇంకో రెండు రోజుల్లో అది పైకి పాకి, కాడ మెత్తబడి వాలిపోయింది. దీనికి కవర్ కప్పకూడదని తర్వాత తెలిసింది. నా తప్పే.

రెండోసారి కవర్ లేదు. కోసిన కొమ్మల్ని ఒక రోజు నీడలో ఆరబెట్టి, వేర్ల హార్మోన్ పొడి అద్ది, కొబ్బరి పొట్టు, పెర్లైట్ (నీళ్ళు నిలవకుండా కలిపే తేలికైన తెల్ల గుళికలు) సగం సగం కలిపి నాటాను. బతికిన ఆ ఒక్కటీ ఇందులోదే.

మూడోసారి కత్తిని స్పిరిట్‌తో తుడిచాను, మొగ్గలు కూడా గిల్లేశాను. అయినా 11 రోజుల్లో నాలుగూ పోయాయి. నీళ్ళు పై అంగుళం ఎండాకే పోస్తున్నాను. వెలుతురు బాగా వచ్చే కిటికీ దగ్గర, 24 నుంచి 27 డిగ్రీలు. ఎండ నేరుగా పడదు.

అనుమానం ఒకటుంది: మూడుసార్లూ అవే కుండీలు, అదే బస్తాలోని పొట్టు. కుండీల్ని సబ్బుతో కడిగానంతే, బ్లీచ్ వాడలేదు.

ఈ కుళ్ళు కుండీల నుంచో పొట్టు నుంచో వస్తోందా, లేక పైకి బాగానే కనిపిస్తున్న తల్లి మొక్కలోనే ఉందా అన్నది ఎలా తేల్చుకోవాలి?