ఇంజిన్ వాల్వ్ కవర్, ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి పౌడర్ కోటింగ్: ముందు ఏం చేయాలి?

ప్రశ్న: రెండూ పాత అల్యూమినియం కాస్టింగ్‌లే. డీజిల్‌తో కడిగాను, పైకి శుభ్రంగానే ఉన్నాయి. ఇలాగే కోటింగ్‌కి ఇచ్చేయొచ్చా?

జవాబు: వద్దండీ. కాస్టింగ్ సన్నటి రంధ్రాల్లో ఆయిల్ ఇంకి ఉంటుంది, డీజిల్ కూడా జిడ్డే వదులుతుంది. డీగ్రీజర్, వేడినీళ్లతో కడిగి, బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో ఇసుక రేణువులు కొట్టి శుభ్రం చేయడం) చేయించి, పౌడర్ కొట్టకముందే ఒవెన్‌లో ఒకసారి వేడి చేయించండి. క్యూరింగ్ (కొట్టిన పౌడర్‌ని వేడికి కరిగించి గట్టిపరచడం) మామూలుగా 200 డిగ్రీల దగ్గర కాబట్టి ఈ వేడి అంతకంటే కాస్త ఎక్కువే ఉండాలి, లేదంటే లోపలి ఆయిల్, గాలి క్యూరింగ్ అప్పుడు బయటికొచ్చి కోటింగ్ నిండా బుడగలు, సూదిబెజ్జాలు పడతాయి. వేడిలో గోధుమరంగు మరకలు తేలితే మళ్లీ కడగాల్సిందే.

ఇంకో జవాబు: గాస్కెట్ కూర్చునే అంచులకి హై టెంపరేచర్ టేపు, బోల్టు రంధ్రాలకి సిలికాన్ ప్లగ్గులు పెట్టించండి. రబ్బరు సీళ్లు ముందే తీసేయాలి. అన్నిటికంటే నా భయం వాల్వ్ కవర్ లోపలి బాఫిల్ ప్లేటు (ఆయిల్‌కి అడ్డుగా ఉండే రేకు) గురించే, దాని వెనక ఇసుక రేణువులు ఇరుక్కుంటే తర్వాత ఆయిల్‌లో కలిసి బేరింగులు గీసుకుపోతాయి, ఆ ప్లేటు ఊడొస్తే విప్పి కడగండి, రాకపోతే లోపలివైపు బ్లాస్టింగ్ అసలు వద్దు.

ప్రశ్న అడిగినవారు: బాఫిల్‌కి రివెట్లున్నాయి, డ్రిల్ చేసి తీస్తాను. థాంక్సండీ.

జవాబు: బ్లాస్టింగ్ అయ్యాక ఒట్టి చేత్తో ముట్టుకోకండి, గ్లవ్స్ వేసుకోండి.